సబ్బు వర్తకుని చిత్రశాల

మన యాంధ్రదేశమున సన్‌లైటు, లైఫ్‌బాయి సబ్బుల పేర్లెరుగని గృహస్థుడుండడు. చాకిరేవులందును, నూతిచప్టాల మీదను, సంతలలోని చిల్లర యంగళ్లలోను ఆ పేర్లు తరతరములుగ వినబడుచు వచ్చినవి. 1888వ సంవత్సరమున కలకత్తా రేవున దిగిన పెట్టెలతో నీ సన్‌లైటు సబ్బు భరతఖండమున ప్రవేశించెను. ఆ పెట్టెల వెనుక నున్న మనుష్యుని చరిత్రము మాత్రము మనలో పెక్కుమంది యెరుగరు. పచారీ యంగడిలో పనిచేసి, సబ్బు వండించి, ఊరు కట్టించి, చిత్రశాల నెలకొల్పి, ప్రభుపదవి నంది, 1925లో కన్నుమూసిన విల్లియము హెస్కెత్ లీవరే యాయన. ధనవంతుడు దాత యైనపుడు లోకమాతని నెట్లు తూచవలెనను ప్రశ్నకు ఈయన జీవితము కంటె మంచి యుదాహరణము మాకు గానరాలేదు. కావున నా చరిత్రమును సంగ్రహముగ పాఠకుల యెదుట నుంచుచున్నాము.

లీవరు 1851 సెప్టెంబరు 19వ తేదీని ఇంగ్లాండులోని లాంకషైరు మండలమున, బోల్టను పట్టణమందు జన్మించెను. తండ్రి జేమ్సు లీవరు పచారీ వర్తకుడు. పదిమంది సంతానములో నితడేడవవాడు, మగబిడ్డలలో మొదటివాడు. ఇంటివారు ప్రభుత్వ మతసంఘమున జేరని ప్రొటెస్టంటులు. నియమమునకును పొదుపునకును పేరుపడినవారు. పదునారవ యేట నితడు బడి మానుకొని తండ్రి యంగడిలో ప్రవేశించెను. అప్పు డాతని కొప్పగింపబడిన పనులలో నొకటి పొడవైన సబ్బు కడ్డీలను ముక్కలుగ కోసి, కాగితములో చుట్టుట. ఆ కాలమున సబ్బు పేరులేని సరకు. కొనువా డడిగినంత మేర కోసి తూచి యిచ్చుటయే వాడుక. ఎవరు చేసినదో, ఎట్టి నూనెతో చేసినదో అడుగువాడు లేడు, చెప్పువాడు లేడు. ఆ కోతకత్తి పట్టిన కుర్రవానికి మాత్ర మీ సంగతి మనసున నాటుకొనెను. 1872లో నాతడు తండ్రికి భాగస్వామి యయ్యెను. 1874లో చిన్ననాటి యిరుగుపొరుగుదైన ఎలిజబెత్తు ఎల్లెన్ హ్యూమును వివాహమాడెను.

అంగడి వర్ధిల్లెను. విగను పట్టణమున శాఖ యేర్పడెను. ముప్పది మూడేండ్లు నిండునప్పటికి హాయిగ జీవించుటకు తగిన యాదాయము చేకూరినది. మరియొకడైన నంతటితో తృప్తి నొందియుండును. లీవరు 1884లో సన్‌లైటు అను పేరును రిజిస్టరు చేయించి, మరుసటి యేట తమ్ముడు జేమ్సు డార్సీతో గూడి వారింగ్టనులో నొక సబ్బు కర్మాగారమును కౌలునకు దీసికొనెను. జంతువుల క్రొవ్వు పాలు తగ్గించి, కొబ్బరినూనెయు తాటిజాతి గింజల నూనెయు హెచ్చుగ జేర్చి, సులభముగ నురుగు వచ్చు సబ్బును చేయించెను. దానిని సమానమైన బిళ్లలుగ పోయించి, ఒక్కొక్క బిళ్లను విడివిడిగ కాగితమున చుట్టి, పేరు ముద్రించి యమ్మించెను. బొగ్గుపొగతో నల్లబడిన లాంకషైరు పట్టణములలో కూలివాని యిల్లాలికి బట్టలుతుకుట యెంత శ్రమయో అంగడిబల్ల వెనుక నిలిచినవా డెరుగును. ఆమె కొరకే ప్రకటనలు వ్రాయించెను. ప్రారంభమున వారమునకు 20 టన్నులు తయారైన సబ్బు 1888 నాటికి 450 టన్నులయ్యెను.

చిత్రకళతో నాయనకు సంబంధము కలిగినది వ్యాపారము మూలముననే యని చెప్పవలెను. ప్రసిద్ధ చిత్రకారుడైన ఫ్రిత్ 1889లో ప్రదర్శనమున నుంచిన యొక చిత్రమున, క్రొత్త గౌను తొడుగుకొన్న చిన్నబాలిక తన తెల్లని యుడుపును చూపుచు నిలిచియుండును. లీవరు దానిని కొని, సబ్బు ప్రకటనగ నచ్చువేయించెను. చిత్రకారుడు నొచ్చుకొని యాక్షేపించెను. కొన్నవానికి చిత్రముపై సర్వాధికారము గలదా, వ్రాసినవాని కేమైన మిగిలియుండునా యను తగవు నాడే పుట్టినది. అది మరల ముప్పదియేండ్లకు మరియొక రూపమున నాయన గుమ్మము తట్టినది. ఆ కథ ముందు రాగలదు.

వారింగ్టను కర్మాగారము చాలకపోయెను. 1887లో మెర్సీ నది యొడ్డున 56 ఎకరముల చిత్తడినేలను లీవరు కొనెను. 1888 మార్చి 3వ తేదీని ఆయన భార్య మొదటి పార త్రవ్వి శంకుస్థాపనము గావించెను. కర్మాగారముతోపాటు పనివారికొక గ్రామము వెలసెను. దానికి పోర్టు సన్‌లైటు అని పేరు. ఒకే అచ్చున పోసినట్లు వరుసగ నుండు కూలియిండ్లకు భిన్నముగ, సుమారు ముప్పదిమంది శిల్పులచే వేరువేరు రూపములుగ నిండ్లు కట్టించెను. ముంగిట పచ్చిక, వెనుక కూరతోటలకు స్థలము, పాఠశాలలు, ఆస్పత్రి, గ్రంథాలయము, నాటకశాల, ప్రార్థనామందిరము అన్నియు నమర్చెను. 1914 నాటికి 800 ఇండ్లు, 3,500 జనము గల యూరయ్యెను. నాటి పారిశ్రామిక నగరముల మురికిసందులలో పిల్లలు పిట్టలవలె రాలిపోవుచున్న కాలమున నిట్టి గ్రామమొకటి పుట్టుట చిన్న సంగతి కాదు. ఇంగ్లాండున తోటపురముల నిర్మాణమునకు ఇది మార్గదర్శకములలో నొకటి యయ్యెను.

అయితే యా గ్రామమున కాధారమైన సిద్ధాంతమును కూడ పాఠకులు గమనింపవలెను. లాభములో పనివారికి భాగము గలదని లీవరు ఒప్పుకొనెను. ఆ భాగమును రొక్కముగ పంచినచో సారాయికిని, మిఠాయికిని, పండుగ విందులకును కరగిపోవునని తలంచెను. కావున దానిని తనయొద్దనే యుంచుకొని, ఇండ్లుగను తోటలుగను సభామందిరములుగను తిరిగి యిచ్చెదనని చెప్పెను. మాట వినుటకు సొంపుగనే యున్నది. కాని పని మానినవాడు ఇల్లు ఖాళీచేయవలెను. ముంగిలి తోటయైనను యజమాని తోటమాలులే పెంచెదరు. 1909లో నేర్పరచిన సహభాగస్వామ్య పత్రములు సయితము కొలువు వదలినవానికి దక్కవు. స్వతంత్రబుద్ధి గలవాడా గాలి నెక్కువకాలము పీల్చి బ్రతుకజాలడని యొక కార్మికసంఘ కార్యదర్శి ఆయనకే లేఖ వ్రాసెను. తన కూలిలోని భాగము నేమి చేయవలెనో తానే నిశ్చయించుకొను హక్కు పనివానికి లేకపోయెననుటయే యా యాక్షేపణ సారము. దానికి తగిన సమాధానము లీవరు జీవితమున మాకు కానరాలేదు.

1906లో నాయన లిబరలు పక్షమున పార్లమెంటు సభ్యుడయ్యెను. మరుసటి యేట వృద్ధులకు భరణ మీయవలెనని బిల్లు ప్రవేశపెట్టెను. ఆ 1906లోనే సబ్బుసీమలో పెద్ద తుపాను రేగెను. సరకుల ధరలు పెరిగినవని, పోటీ వలన నష్టము కలుగుచున్నదని చెప్పి, లీవరు తక్కిన సబ్బుదారులతో నొక కూటమి కట్టబూనెను. ధర మార్పక, 16 ఔన్సుల బిళ్లను 15 ఔన్సులు చేసెను. డెయిలీ మెయిలు మొదలగు పత్రికలు పేదలను దోచుచున్నాడని ఘోషించెను. అమ్మకములు కూలెను, కూటమి చెదరెను. లీవరు పరువునష్టపు దావా తెచ్చెను. 1907లో లివర్‌పూలు న్యాయస్థానమున విచారణ సాగుచుండగనే డెయిలీ మెయిలు ఓటమి నొప్పుకొని 50,000 పౌనులిచ్చుకొనెను. తక్కిన పత్రికలిచ్చినదానితో మొత్తము 91,000 పౌనులయ్యెను. ఆ సొమ్మును లీవరు లివర్‌పూలు విశ్వవిద్యాలయమున కర్పించెను. అందుండి 1909లో పురనిర్మాణ శాస్త్రమునకు ప్రత్యేకాచార్యపీఠ మేర్పడెను. పత్రికాముఖమున మాట జారినచో మూల్యమెంతయో తెలిసికొనుటకు మావంటివారి కిది మంచి పాఠము. అట్లు వచ్చిన ధనమును విద్యకు వినియోగించుట లీవరునకు కీర్తి.

ఆయన దానములలో నొకటి మన దేశచరిత్రమునే తాకుచున్నది. బోల్టను సమీపమున హాల్ ఇ త్ వుడ్ అను పాత భవనము గలదు. అందు కాపురముండి సామ్యుయేలు క్రాంప్టను 1779లో సన్ననూలు వడకు యంత్రమును నిర్మించెను. ఆ యంత్రము వలననే మన దేశపు సన్నబట్టలకు పోటీగ లాంకషైరు బట్టలు నేయబడసాగెను. నరసాపురము చెంత నున్న మాదపోలెము పేర ఖండాంతరములకేగిన మన నేతబట్ట తుదకు పేరు మాత్రము మిగిల్చి, ఆ పేరుతోనే లాంకషైరు మిల్లుగుడ్డ లమ్ముడుపోయినవి. మన సాలెవాని మగ్గము మూలబడుటకు కారణమైన ఆ క్రాంప్టను సైతము సుఖపడలేదు. చందా లిచ్చెదమని నమ్మబలికి వర్తకులు యంత్రరహస్యమును తెలిసికొనిరి. అతని చేతికి వచ్చినది సుమారు 60 పౌనులే. 1827లో నతడు పేదరికముననే మరణించెను. శిథిలమగుచున్న యా భవనమును లీవరు 1899లో కొని, బాగుచేయించి, బోల్టను ప్రజలకు ప్రదర్శనశాలగ దానమిచ్చెను. బ్రతికియుండగ కూలి యెగవేసి, చచ్చిన వెనుక స్మారకచిహ్నము నిలుపుట లోకరీతి. ఈ యెగవేతలో లీవరునకు పాలు లేదు. అయినను ఆ భవనపు గోడలు చెప్పు నీతి యాతని చెవి సోకినట్లు కనబడదు.

సంపద పెరిగినకొలది ఆయన కళావస్తువులను ప్రోగుచేయసాగెను. ఆంగ్లదేశపు 18వ శతాబ్దపు కొయ్యసామాను, చీనా పింగాణి, వెడ్జువుడ్డు మట్టిపాత్రలు, కుట్టుపనులు, హోల్మను హంటు, బర్ను జోన్సు మొదలగువారి చిత్రములు వేలకొలదిగ జేర్చెను. ఆయన జీవితమున కొన్న వస్తువులు 20,000 వరకు నుండునందురు. 1912లో లండనులోని స్టాఫర్డు భవనపు కౌలుహక్కును కొని జాతి కర్పించి, తన జన్మభూమి పేర లాంకాస్టరు భవనమని నామకరణము చేయించెను. 1913 జూలైలో భార్య మరణించెను. ఆమె స్మృతికై పోర్టు సన్‌లైటు నడుమ చిత్రశాల కట్టింప సంకల్పించెను. ఐదవ జార్జిరాజు 1914లో శంకుస్థాపనము చేసెను. మహాయుద్ధము వలన నాలస్యమై, 1922 డిసెంబరు 16వ తేదీని విక్టోరియారాణి కుమార్తె బియాట్రీసు దానిని తెరచెను. రాజధానిలో కట్టియుండిన గొప్పవారు చూచి మెచ్చెడివారు. ఆయన దానిని సబ్బు వండువారి యిండ్ల నడుమ కట్టించెను. కూలివాని కంటికిని సౌందర్య మవసరమని నమ్మిన ధనికులు ఏ దేశమునందైనను తక్కువ. ఆ నమ్మకమును మేము మనసార కొనియాడుచున్నాము.

ఇక ముందు చెప్పిన తగవు. 1920లో ఆగస్టసు జాను అను చిత్రకారుడు లీవరు రూపమును చిత్రించెను. ఆ చిత్ర మాయనకు నచ్చలేదు. దాచుటకు ఇనుపపెట్టెలో పట్టకపోవుటచే, తల యున్న భాగమును కత్తిరించి లోపల భద్రపరచెను. మిగిలిన మొండెమును ఇంటి పనివారు పొరపాటున పెట్టెలో పెట్టి చిత్రకారునికే పంపిరి. ఆతడు మండిపడి పత్రికల కెక్కెను. లండనులో చిత్రకళావిద్యార్థులు తలలేని బొమ్మ నూరేగించిరి. ఇటలీలో నొకనాడు చిత్రకారులు సమ్మె కట్టిరి. సొమ్మిచ్చి కొన్నది తనది గదా యని లీవరు వాదించెను. కళకు కోట్లు వెచ్చించినవాడే కళాకారుని స్వత్వమును గ్రహింపలేకపోయెను. ఇండ్లిచ్చినను పనివాని స్వేచ్ఛను గుర్తింపని బుద్ధియే యిక్కడను కత్తెర పట్టినదని మా యభిప్రాయము.

ఇంతకంటె ఘోరమైన సంగతి యొకటి కలదు. సబ్బునకు నూనె కావలెను; నూనెకు తాటిజాతి చెట్లు కావలెను. లియొపోల్డు రాజు క్రింద రబ్బరు కొరకు కాంగో ప్రజలు పడిన హింస లోకమున కెల్ల తెలిసినదే. 1908లో నా దేశము బెల్జియము ప్రభుత్వము వశమయ్యెను. ఆ ప్రభుత్వముతో లీవరు 1911లో నొడంబడిక చేసికొని, 60 కిలోమీటరుల వ్యాసార్ధము గల యైదు మండలములలో 7,50,000 హెక్టారుల వరకు భూమి పొందు హక్కును సంపాదించెను. ఆస్పత్రులు, బడులు పెట్టవలెనని, దినమునకు 25 సాంతీముల కనీసపు కూలి యీయవలెనని షరతులుండెను. లుసంగా యను నూరు లీవర్‌విల్ అయ్యెను. ఆయన యచ్చట కూడ నొక పోర్టు సన్‌లైటును కలగనియుండవచ్చును. జరిగినది వేరు. నిలువెత్తు చెట్లెక్కి గెలలు కోయుటకు తగినంతమంది మనసార రాలేదు. ప్రభుత్వోద్యోగులును, గ్రామనాయకులును బలవంతముగ మనుష్యులను పట్టి పంపిరని పిమ్మట చరిత్రకారులు బెల్జియము దస్తావేజుల నుండియే నిరూపించిరి. లీవరు మరణానంతరము 1931లో, గెలల ధర పడిపోయి పన్నులు మాత్రము తగ్గకుండుటచే, అచ్చటి పెండే జాతివారు తిరుగబడిరి. ఆ తిరుగుబాటు నణచుటలో వందలకొలది ప్రాణములు పోయినవి. తన యూరి కూలివానికి చిత్రశాల కట్టించినవాని సంపదకు మరియొక ఖండపు కూలివాని వెన్ను వంగినదను సత్యమును కప్పిపుచ్చుట ధర్మము కాదు.

1918లో లీవరు స్కాట్లండు పడమట నున్న లూయిసు దీవిని, మరుసటి యేట హారిసు దీవిని కొనెను. అచ్చటివారిని సన్నకారు సేద్యము మాన్పించి, చేపల పరిశ్రమలో కొలువులిచ్చి ధనవంతుల జేయదలచెను. ఆ దీవుల యువకులు మహాయుద్ధమునకు పోయి వచ్చినవారు. 1919 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున నింటికి వచ్చుచున్నవారి నౌక రేవు ముంగిట పగిలి 200 మందికి పైగా మునిగిపోయిరి. మిగిలినవారికి ప్రభుత్వము వాగ్దానము చేసినది భూమి. వారికి కావలసినదియు భూమియే. లీవరు పెద్ద కమతములను చీల్చుటకు సమ్మతింపలేదు. వారు కోల్, గ్రెస్ కమతములలో జొరబడి హద్దులు పాతుకొనిరి. సభలలో నాయన మాట తీరునకు వారు ముగ్ధులైరి గాని, తమ కోరిక విడువలేదు. తుదకు 1923లో విసిగి, లూయిసు భూములను ప్రజలకు ఉచితముగ నిచ్చెదనని ప్రకటించెను. స్టార్నొవే ప్రాంతము వారు మాత్రము స్వీకరించిరి. అందుకై యేర్పడిన ధర్మకర్తల సంఘము నేటికిని ఆ భూములను ప్రజల పక్షమున పాలించుచున్నది. ఆయన చేసిన దానములన్నిటిలో తాను కోరక చేసిన యీ దానమే యెక్కువ స్వాతంత్ర్యమును ప్రసాదించెనని మాకు తోచుచున్నది.

1917లో నాయనకు ప్రభుపదవి వచ్చినపుడు తన యింటిపేరునకు భార్య పుట్టింటి పేరు జోడించి లీవర్‌హ్యూము అని బిరుదము దాల్చెను. 1920లో నైజరు కంపెనీని ఎనుబది లక్షల పౌనులకు పైగా నిచ్చి కొని, సంస్థను దివాలా యంచునకు తెచ్చి, ఎట్లో బయటపడెను. 1925 మార్చిలో నాఫ్రికా యాత్ర ముగించి వచ్చి, మే 7వ తేదీని ఊపిరితిత్తుల వాపుచే హాంప్‌స్టెడులో మరణించెను. పోర్టు సన్‌లైటులో భార్య ప్రక్కనే సమాధి చేయబడెను. మరణశాసనము ప్రకార మేర్పడిన ధర్మనిధి నేటికిని విద్యాపరిశోధనలకు ధనసహాయము చేయుచున్నది. ఆయన కంపెనీ 1929లో డచ్చివారితో గలసి యూనిలీవరు అయ్యెను. మన దేశమున 1931లో వనస్పతి కంపెనీగను, 1933లో సబ్బు కంపెనీగను వేళ్లూని, 1956లో హిందూస్థాన్ లీవరుగ నేకమయ్యెను. డాల్డా డబ్బా మన వంటయిండ్ల కట్లు వచ్చినదే.

ఇట్టివానిని మహాదాత యందుమా, లోకవంచకుడందుమా? రెండును తొందరపాటు మాటలు. ఆయన కపటి కాడు. తాను మేలు చేయుచున్నాననియే నమ్మెను. లోపమంతయు ఆ నమ్మకమునందే యున్నది. ఇతరులకేది మేలో తనకంటె వారికే యెక్కువ తెలియునను సంగతి నాయన తలంపలేదు. ఇతరుల కష్టము తన సొత్తుగ మారిన పిమ్మట దానిని తిరిగి యిచ్చుటకు దానమని పేరు పెట్టెను. బాకీ తీర్చుట వేరు. దానము చేయుట వేరు. మొదటిది తీరిన పిదపనే రెండవదానికి పుణ్యము.

మనలోను సత్రములు, దేవాలయ గోపురములు, కళాశాలలు, నాటకశాలలు కట్టించిన భూస్వాములును వర్తకులును గలరు. వారి శిలాఫలకములు చదివి మనము గర్వపడుచున్నాము; గర్వపడవలసినదే. కాని ఫలకము చెక్కించుటకు ముందు కౌలుదారుని పద్దును, పాలేరు జీతమును, నేతగాని మజూరియు నొకమారు సరిచూచుకొనుట మంచిది. ఇచ్చిన పిదప పుచ్చుకొన్నవారి చేతికే తాళపుచెవు లప్పగించుట మరింత మంచిది.

ఆగస్టసు జాను వ్రాసిన చిత్రపు తలను మొండెమును 1954లో నొక్కటిగ కుట్టిరి. నేడది పోర్టు సన్‌లైటు చిత్రశాలయందే యున్నది. లీవరు చరిత్రమును సైతమట్లే చదువవలెను. ఆ చిత్రశాలను మెచ్చువారు లీవర్‌విల్ తోటలను మరువరాదు. ఆ తోటలను నిందించువారు కూలివాని యింటి ముంగిట నిలిచిన చిత్రశాలను కాదనరాదు. కుట్టు కనబడుచుండుటయే న్యాయము.